గుల్లలంక ఆసుపత్రి తలుపు

నమోదు 1. సోమవారం.

ఆఫీసుకిచ్చే నమోదు వేరు. ఇది నా కోసం రాసుకుంటున్నది.

పొద్దున్న ఎనిమిదింటికి పెదలంక కార్మికుల వాడకి వెళ్ళాను. నాలుగో అంతస్తు, చివరి ఇల్లు. తలుపు తట్టేలోపే లోపల్నుంచి గొంతు వినబడింది.

"తీసే ఉంది. గుమ్మంలో ఇటికుంది, సూసి అడుగెయ్యి."

ఏడులంకల రాష్ట్రాన్ని పదేళ్ళు ఏలిన మనిషి రెండు గదుల ఇంట్లో నేల మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తున్నారు. సూరాడ అప్పలకొండ గారు. రాష్ట్రమంతా కొండమ్మ అంటుంది. డెబ్బై రెండేళ్ళ వయసు, తెల్లటి జుట్టు, మగవాళ్ళ చేతుల్లాంటి పెద్ద చేతులు.

"కమిషనోళ్ళు పంపిన గుంటవి నువ్వేనా?"

"అవునమ్మా. మైలపల్లి నూకరత్నం నా పేరు. హక్కుల కమిషన్‌లో జ్ఞాపకాల విభాగం."

నాకు నలభై ఏళ్ళు. నన్ను చిన్నపిల్లలా గుంట అన్నవాళ్ళు ఈ మధ్య ఎవరూ లేరు. సంతోషమే వేసింది.

"సేతులు కడుక్కుని కూకో. ఒలుసుకుంటా మాటాడుకుందాం."

కుళాయి దగ్గర మణికట్టు చూపించాను. గాజు మీద పచ్చదీపం వెలిగింది, నీళ్ళొచ్చాయి. మా దగ్గర ఏది తెరుచుకోవాలన్నా గాజే. కుళాయి, ఇంటి తలుపు, బియ్యం దుకాణం, వంతెన గేటు, అన్నిటికీ అదే తాళంచెవి.

ఏడో తరగతి చరిత్ర పుస్తకంలో ఐదో పాఠం, 'మన హక్కులు ఎలా వచ్చాయి', నేను రాయాలి. వంతెన మీద జనం నిలబడి ముప్పై ఏళ్ళవుతోంది. ఆ రోజుకి పుస్తకం బడులకి చేరాలి. నలభై రోజులుంది.

ఇవాళ పని జరిగింది తక్కువ. రెండు కేజీల రొయ్యలు మాత్రం ఒలిచాం.


నమోదు 2. బుధవారం.

ఆర్పుడు కాలం గురించి అడిగాను. కొండమ్మ గారు చెబుతూ కూర తరుగుతున్నారు, నేను రికార్డరు పట్టుకుని కూర్చున్నాను. రెండు నిమిషాలకి రికార్డరు లాక్కుని పీట మీద పెట్టి నా చేతికి బెండకాయలిచ్చారు.

"గాజులు మంచికే పెట్టినారు రత్నం. సముద్రం మీద ఈ లంకల్లోకొచ్చిన కొత్తల్లో తిండీ నీళ్ళూ అందరికీ సమానంగా రావాలని పెట్టినారు. మేమూ సంబరంగా తొడుక్కున్నాం. తరవాత మొదటి ముక్యమంత్రి గారికి ఇంకో ఉపాయం తోసింది. తొడిగినోడే ఆర్పగలడు కదా. మొదట పన్నెండు మందివి ఆర్పినారు. ఆళ్ళు దొంగ సరుకోళ్ళు అన్నారు. మనకెందుకులే అనుకున్నాను. రాసుకో, నానూ అలాగే అనుకున్నాను."

తర్వాత ఒక పంతులమ్మ గాజు ఆరింది. తర్వాత ఒక వీధి. పద్నాలుగు నెలల్లో నాలుగువేల మంది. గాజు ఆరినవాళ్ళకి సొంత ఇంటి తలుపు కూడా తెరుచుకోదు. అందుకే ఇరుగుపొరుగు గుమ్మాల్లో ఇటుకలు పెట్టి తలుపులు మూతపడకుండా చూశారు. ఆ అలవాటు ఆవిడకి ఇంకా పోలేదు.

కొండమ్మ గారు అప్పుడు మంచినీటి కర్మాగారంలో పంపు ఆపరేటరు. గొట్టాలు కడగడానికి అక్కడ చేత్తో తిప్పే చక్రం ఒకటుంది. అది తిప్పితే గాజు లేకుండానే నీళ్ళు కాలవలోకి వస్తాయి. రోజూ పొద్దున్నే అరగంట 'గొట్టాలు కడిగేవారు'. బిందెలతో జనం వరసకట్టేవారు.

"ఆ వరసలో మా అమ్మ కూడా ఉండేదమ్మా. నాకప్పుడు తొమ్మిదేళ్ళు," అన్నాను.

ఆవిడ తరగడం ఆపి నన్ను చూశారు. "ఏ బిందె మీది?"

"సొట్టపడిన ఇత్తడి బిందె."

"సొట్టబిందోళ్ళు సగం మందుండేవోరు," అని నవ్వారు. తర్వాత చాలాసేపు నా చేతిని వదల్లేదు.

కొండమ్మ గారి వెనక పెద్దవంతెన మీద ఆరిన గాజులతో నాలుగువేల మంది తొమ్మిది రోజులు నిలబడ్డారు. పదో రోజు ప్రభుత్వం పడిపోయింది. కొండమ్మ గారు ముఖ్యమంత్రి అయ్యారు. ఆవిడ రాయించిన హక్కుల చట్టంలో మొదటి వాక్యం రాష్ట్రంలో పిల్లలందరికీ కంఠతా వచ్చు. 'ఎవరి గాజునూ ఎవరూ ఆర్పరాదు.'


నమోదు 3. శనివారం.

తేదీలు సరిచూసుకుందామని కమిషన్ కాగితాల గదికి వెళ్ళాను. యంత్రాల్లో దాచిన పాత నకళ్ళు పన్నెండేళ్ళ కిందటి వరదలో పోయాయి. కాగితాలే మిగిలాయి. కొండమ్మ గారి రెండో దఫా పాలన కట్ట విప్పాను. అందులో గట్టి అట్టతో వేరే కుట్టిన ఒకే ఒక్క పేజీ ఉంది.

'అంటుజ్వరం దృష్ట్యా, చట్టంలోని అత్యవసర మినహాయింపు కింద, గుల్లలంకకు చెందిన అరవై ముగ్గురి గాజులు తక్షణం ఆర్పవలెను.'

కింద సంతకం. ఆ సంతకం నాకు బాగా తెలుసు. మా బడి గోడ మీద, మా అమ్మ పెట్టెలోని పాత కార్డు మీద చూస్తూ పెరిగాను.

వెనకవైపు వేరే చేతిరాత. 'పదకొండో రోజున తిరిగి వెలిగించబడినవి. మరణము: ఒకటి. గరికిన సింహాచలం, 44, వలలు అల్లువాడు. గుల్లలంక ఆసుపత్రి తలుపు వద్ద.'

ఇరవై రెండేళ్ళ కిందటిది. పేజీ కుట్టు విప్పి సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేశాను. కాగితాల గది నుంచి కాగితం బయటికి తేవడం నేరం. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదు.


నమోదు 4. సోమవారం.

మా కమిషనర్ శోభనాచలం గారికి విషయం మాత్రం చెప్పాను. కాగితం నా దగ్గరుందని చెప్పలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మంచి మనిషి. ఆయన తండ్రి గాజు కూడా అప్పట్లో ఆరింది.

"పాఠం వంతెన దాకానే కదమ్మా. ఆ తర్వాతది మనకెందుకు?"

"పాఠం పేరు 'హక్కులు ఎలా వచ్చాయి' సర్. వచ్చినవి ఎలా పోయాయో కూడా..."

"నూకరత్నం గారూ, వచ్చే నెల అసెంబ్లీలో ఏముందో తెలుసు కదా."

తెలుసు. పోయిన వానాకాలం కొందరు కరకట్ట గేట్లు పగలగొట్టారు. రెండు వాడలు మునిగాయి. అందుకని హోంమంత్రి దమయంతి గారు సవరణ బిల్లు తెచ్చారు. ఆపద సమయంలో పదిహేను రోజుల వరకు గాజులు ఆర్పే అధికారం కావాలని. దమయంతి గారు ఎవరో కాదు, పంతొమ్మిదేళ్ళప్పుడు వంతెన మీద కొండమ్మ గారి పక్కన నిలబడ్డ పిల్ల.

"ఈ సంగతి బయటపడితే 'ఆవిడే ఆర్పింది, మనం ఆర్పితే తప్పేంటి' అంటారు. బిల్లు నెగ్గిపోతుంది. ఆవిడ పరువూ పోతుంది. రెండూ మన చేతులతో చేద్దామా?"

సరే సర్ అని వచ్చేశాను. నిజం చెప్పాలంటే, కాదనాలని నాకూ లేదు.


నమోదు 5. గురువారం.

మూడు రోజులు కొండమ్మ గారింటికి వెళ్ళలేదు. జ్వరమని కబురు పెట్టాను. ఇవాళ ఆవిడే మెట్లు దిగి, ట్రాము ఎక్కి, మా ఇంటికొచ్చారు. చారు కేరియరులో పట్టుకుని.

మా అమ్మ కుర్చీ లాగింది. కుర్చీ తుడుస్తుంది, మళ్ళీ తుడుస్తుంది. కొండమ్మ గారు నా నుదురు పట్టి చూశారు.

"సల్లగా ఉంది. ఏటయింది?"

అమ్మ టీ పెట్టడానికి వెళ్ళాక, సంచిలోంచి కాగితం తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. దూరంగా పట్టుకుని చదివారు. తిప్పి వెనకవైపు చదివారు. టీ వచ్చింది, చల్లారింది.

"దీన్ని ఏటి సేద్దామనుకున్నావు?"

"చింపేద్దామనుకున్నానమ్మా. ఇదొక్కటే కాగితం. ఇంకెక్కడా లేదు."

"నా కోసమా?"

"మీ కోసమే."

అరుస్తారనుకున్నాను. అరవలేదు. కాగితం జాగ్రత్తగా ఒళ్ళో పరిచి, చీర కొంగుతో ముడతలు సాపు చేసి నా చేతికిచ్చారు.

"గాజులార్పితే తప్పని నాను నీకు నేర్పినాననుకున్నాను. కాగితాలార్పితే తప్పు నేదనుకున్నావేటి? ఎల్లి ఉన్నకాడ పెట్టీ. రేపు రా. ఖాళీ రికార్డరు తే."

ఆవిడ వెళ్ళాక అమ్మ అడిగింది ఏమైందని. చెప్పాను. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.


నమోదు 6. శుక్రవారం.

కాగితం కట్టలో కుట్టేశాను. శోభనాచలం గారికి అంతా చెప్పాను. రాతపూర్వకంగా మందలింపు ఇచ్చారు. ఇస్తూ ఆయనే బాధపడ్డారు.

ఇవాళ కొండమ్మ గారు ఏ పనీ పెట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేతులు ఖాళీగా ఉండటం నేను చూడటం ఇదే మొదటిసారి.

"జొరం నిజమే రత్నం. బయమూ నిజమే. గుల్లలంకలో సేపలమ్ముకునే ఇళ్ళోళ్ళు, ఆ అరవై మూడు మందీ, పడవల్లో వొచ్చి వొంతెన దాటి పెదలంక బజారుకొచ్చేత్తన్నారు. ఒద్దంటే ఇన్నేదు. తిండెలాగ మరి ఆళ్ళకి? ఆ సంగతి నాను ఆలోసించాల్సింది. పెదలంకలో ఎనబై వేల మంది. డాక్టర్లు నా ముందు కూకుని ఏడిసినారు. వొంతెన గేటొక్కటీ మూసీండి అన్నాను. కుదరదమ్మా, గాజుకి ఒకటే మీట అన్నారు. ఆరితే అన్నీ ఆరతాయి."

"ఆ సంగతి మీకు..."

"తెల్దేటి? పంపు తిప్పినదాన్ని, తెల్దేటి? తెలిసే పెట్టినాను సంతకం. మూడు దినాలే అనుకున్నాను. నా మనసు మంచిది కదా, నాను ఆర్పితే అది ఆర్పుడు కాదనుకున్నాను."

"మరి పదకొండు రోజులు ఎందుకైంది?"

ఆవిడ కిటికీ వైపు చూశారు.

"మరిసిపోయాను."

నాకు ముందు అర్థం కాలేదు.

"జొరం ఇంకో రెండు లంకలకి పాకింది. మందులు, మంచాలు, పడవలు, ఆ పనుల్లో పడి మూడో దినం ఆ కాయితం సంగతే మరిసిపోయాను. ఆరో దినం ఆయన పోయినాడు. నాకు కబురు తెలిసింది పదకొండో దినం. అప్పుడు పరిగెత్తి ఎలిగించినాను. సట్టంలో ఆ మినాయింపు తీయించేసినాను, సప్పుడు సేయకుండా. ఎవులూ అడగనేదు. నానూ సెప్పనేదు."

రికార్డరు ఆపనా అని అడిగాను. వద్దన్నారు.

"గుల్లలంక ఎళ్ళారా, తర్వాత?"

"నేదు. నాలుగుమాట్లు పడవెక్కి దిగిపోయాను."

కాసేపయ్యాక శోభనాచలం గారి మాటలు చెప్పాను. బయటపెడితే బిల్లు నెగ్గుతుందని.

"గుల్లలంకలో మిగతా అరవై రెండు మందిలో సానామంది ఇంకా ఉన్నారు కదా. ఆళ్ళకి గుర్తుండదేటి? ఇయ్యాల కాకపోతే రేపు దమయంతి తవ్వుతాది. తవ్వి, కొండమ్మ సేసింది కాబట్టి ఒప్పేనంటాది. నానే సెప్తే, కొండమ్మ సేసినా తప్పేనని సెప్పగల్ను." లేచి పొయ్యి వైపు నడిచారు. "కానీ ముందు ఆ ఇంటోళ్ళకి సెప్పాల. ఆళ్ళ మనిసి గురించి ఆళ్ళకి సెప్పకుండా పుస్తకంలో ఎక్కించేత్తారేటి?"


నమోదు 7. ఆదివారం.

గుల్లలంకకి పడవలో గంటన్నర. ఐదోసారి ఎక్కిన పడవ దిగకుండా ఉండటానికేమో, కొండమ్మ గారు దారంతా బల్లని గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

సింహాచలం భార్య పేరు పోలమ్మ. అరవై రెండేళ్ళు. ఇప్పటికీ వలలు అల్లుతుంది. ఇంటి ముందు షెడ్డులో ఉంది మేం వెళ్ళేసరికి. కొండమ్మ గారిని చూసి గుర్తుపట్టింది. లేవలేదు.

"ఈ వరస అయిపోనీ," అంది.

వరస అయ్యేదాకా ఎండలో నిలబడ్డాం. నేను గొడుగు పట్టబోతే కొండమ్మ గారు తోసేశారు. ముప్పావుగంట పట్టి ఉంటుంది. అప్పుడు పోలమ్మ నూలుకండె పక్కన పెట్టి రెండు పీటలు వేసింది.

"ఇరవై రెండేళ్ళు. ఇయ్యాల దారి తెలిసిందా?"

"బయమేసింది," అన్నారు కొండమ్మ గారు.

"పోలీసులకి బయపళ్ళేదు, పిరంగులకి బయపళ్ళేదు. నాకా?"

"నీకే."

పోలమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు రాసే మనిసివా?"

"అవునండీ. ఇన్నాళ్ళూ మీరెవరికీ ఎందుకు చెప్పలేదు?"

"సెప్పనేదని ఎవులన్నారు? కలెక్టరాఫీసులో సెప్పినాను. పేపరోళ్ళకి సెప్పినాను. పెదలంక బజారులో సేపలమ్ముతా కొన్నోళ్ళకల్లా సెప్పినాను. కొండమ్మ ఆర్పిందంటే ఎవులు నమ్ముతారు? నీకేదో మతిపోయిందన్నారు. ఒకావిడ కొట్టడానికొచ్చింది కూడాను."

నేను తల దించుకున్నాను. పోలమ్మ నాకు చెప్పి ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు.

ఆసుపత్రి దగ్గరికి తీసుకెళ్ళింది. మూడు వీధుల దూరం. నీలంరంగు చిన్న తలుపు, పక్కన గాజు చూపించే పలక, ముందు రెండు మెట్లు.

"ఆయనికి ఆయాసం. మందు లోపల మిషన్లో ఉంటాది. గాజు సూపిస్తే పడతాది. ఆయన గాజూ ఆరింది, నాదీ ఆరింది. లోపల నర్సు నేదు, జొరం డ్యూటీకి అవతల లంకకేసినారు. ఎలుగుతున్న గాజున్నోళ్ళని తెత్తానని నాను పరిగెత్తినాను. పంతులు గారిని తీసుకొచ్చేతలికి పావుగంటయింది."

ఆ రోజు ఆయన చెప్పులు ఎక్కడ ఉన్నాయో చూపించింది. మెట్టు పక్కన, జతగా. లోపలికెళ్ళేముందు విడిచినట్టు విడిచి కూర్చున్నాడట.

"తలుపు బద్దలుకొడతానని రాయి తీసినాను ముందు. ఆయనే ఆపినాడు. గవర్నమెంటు తలుపే, పాడుసేయకు అన్నాడు. కొండమ్మ గవర్నమెంటు కదా, తెరుత్తారులే అన్నాడు. అదే ఆకరి మాట."

కొండమ్మ గారు మెట్టు మీద కూలబడ్డారు. నేను పట్టుకోబోయాను. పోలమ్మ అడ్డం వచ్చింది.

"నువ్వుండు."

ఒక తల్లి బిడ్డని ఎత్తుకుని వచ్చి, మా పక్కనుంచి మెట్లెక్కి, గాజు చూపించి లోపలికి వెళ్ళింది. తలుపు తెరుచుకుని మూసుకుంది.

"నన్ను సెమించమని అడగడానికి రానేదు పోలమ్మా," అన్నారు కొండమ్మ గారు. "ఈ సంగతి అసెంబ్లీలో సెప్తాను. పుస్తకంలో రాయిత్తాను. నువ్వు ఒద్దంటే మానేత్తాను. అది అడగడానికి వొచ్చినాను."

"ఆయన పేరెట్టి సెప్తావా?"

"పేరెట్టే."

"ఆకరి మాటా?"

కొండమ్మ గారు తలెత్తారు. "అదీ సెప్తాను."

"అయితే నానూ వొత్తాను. నువ్వు సరిగ్గా సెప్తావో నేదో సూడాల కదా." చెయ్యి అందించింది. "లే. మెట్టు మీద కూకుంటే వొచ్చేపోయేవోళ్ళకి అడ్డం."


నమోదు 8. బుధవారం.

బిల్లు మీద మాట్లాడటానికి కొండమ్మ గారికీ పోలమ్మకీ సభ అనుమతిచ్చిందని తెలిసి, దమయంతి గారు కొండమ్మ గారింటికొచ్చారు. నేను లేచి వెళ్ళబోతే కొండమ్మ గారు కూర్చోమన్నారు.

"అమ్మా, ఈ బిల్లు మీ చేతుల్లో పెరిగిన నేను తెచ్చింది. మొదటి ముఖ్యమంత్రి లాంటి వాళ్ళు తెచ్చింది కాదు. కరకట్ట తెగినప్పుడు రెండు వాడల్లో శవాలు నేను మోశాను. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద ఉంది. నా మీద నాకూ ఉండేది."

"మీరు మాట్లాడితే నేను ఓడిపోతాను."

"తెలుసమ్మా."

దమయంతి గారు కన్నీళ్ళు ఆపుకోవడం నేను చూశాను. కొండమ్మ గారు లోపలికెళ్ళి ఒక గిన్నెలో రొయ్యల వేపుడు పెట్టి మూతపెట్టి ఇచ్చారు. దమయంతి గారు తీసుకోలేదు. గుమ్మంలో ఇటుక తగిలి తూలారు, తమాయించుకుని వెళ్ళిపోయారు.

"తిండానికైనా తీసుకోవాల్సింది," అన్నారు కొండమ్మ గారు. ఆ గిన్నె మధ్యాహ్నం దాకా అలాగే బల్ల మీద ఉంది.


నమోదు 9. మంగళవారం. అసెంబ్లీ.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పోలమ్మ కొత్త చీర కట్టుకుంది. సభ్యులు డెబ్బై రెండు మంది. పైన గ్యాలరీ కిక్కిరిసింది. కొండమ్మ గారిని చూసి జనం లేచి నిలబడ్డారు. కూర్చోమని చేత్తో సైగ చేశారు.

కాగితం చూడకుండా మాట్లాడారు. జ్వరం గురించి, సంతకం గురించి, మరిచిపోవడం గురించి. మూడో దినం, ఆరో దినం, పదకొండో దినం. సింహాచలం పేరు, వయసు, పని. చెప్పులు జతగా విడవడం. ఆఖరి మాట దగ్గరికొచ్చి ఆగారు. పోలమ్మ ముందుకు వంగి మైకులో ఆ మాట తనే చెప్పింది.

దమయంతి గారు లేచారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది.

"కొండమ్మ గారూ, ఆ రోజు పెదలంకకి జ్వరం రాలేదు. ఎనభై వేల మంది బతికారు. అంటే ఆ సంతకం అవసరమే కదా?"

"అవసరమేననుకున్నాను దమయంతీ. మొదటి ముక్యమంత్రి గారూ అలాగే అనుకునుంటారు. ఆ రోజు అవతల గేటు కాడ నలుగురు మనుసుల్ని నిలబెట్టి, గుల్లలంకోళ్ళకి బియ్యం పంపుంటే సరిపోను. అది కష్టం. మీట సుళువు. మీట సేతిలో ఉంటే కష్టమైంది ఎవులూ సేయరు. నాను సేయనేదు. నా అంత మంచిదానివే నువ్వూ. అందుకే నీ సేతికీ ఒద్దంటన్నాను."

ఓటింగు సాయంత్రం నాలుగింటికి. బిల్లుకి అనుకూలం ముప్పై నాలుగు. వ్యతిరేకం ముప్పై ఎనిమిది.

చప్పట్లు కొట్టినవాళ్ళు తక్కువ. గ్యాలరీలోంచి దిగుతూ ఒకాయన ఏడుస్తున్నాడు. ఇంకొకాయన, "ఈ ముసలమ్మని దేవతనుకున్నాం," అంటున్నాడు పక్కవాడితో.


నమోదు 10. ఆదివారం.

ఈ వారంలో జరిగినవి. మంచినీటి కర్మాగారంలో కొండమ్మ గారి ఫోటో దించేశారు. వంతెన దినం కమిటీవాళ్ళు ఈసారి వేదిక మీదకి పిలవలేమని మర్యాదగా ఉత్తరం రాశారు. దమయంతి గారి నుంచి ఏ కబురూ లేదు.

ఫోటో సంగతి నేనే చెప్పాను. "ఆ ఫోటోలో ముక్కు వొంకరగా వొచ్చింది. పోనీలే," అన్నారు. అన్నాక స్నానాల గదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. నేను గిన్నెలు కడిగి, బట్టలు ఆరేసి, పొయ్యి మీద అన్నం పెట్టాను. బయటికొచ్చి ఏమీ జరగనట్టు అన్నంలో నీళ్ళెక్కువయ్యాయని నన్ను తిట్టారు.

మా అమ్మ ఇవాళ మొదటిసారి మాట్లాడింది. "ఆవిడ పోసిన నీళ్ళు తాగి ఆవిడ మీదే రాస్తావా?" అంది.

"ఆవిడే రాయమంది అమ్మా."

అమ్మ చేతిలో బియ్యం చేట పక్కన పెట్టింది. "ఆ గుల్లలంకావిడ పాపం, పిల్లలున్నారా?"

"ఒక కూతురు. పెళ్ళయి ఉప్పుమళ్ళ లంకలో ఉంది."

"ఒక్కర్తే ఉంటుందన్నమాట," అంది అమ్మ.


నమోదు 11. గురువారం.

శోభనాచలం గారు పాఠానికి ఒప్పుకున్నారు. ఆయనకి నచ్చలేదు, అయినా సంతకం పెట్టారు. వంతెన దాకా మూడు పేజీలు, గుల్లలంక గురించి ఒక పేజీ. అచ్చుకి వెళ్ళేముందు పోలమ్మకి చదివి వినిపించాలని కొండమ్మ గారి షరతు. ఇద్దరం మళ్ళీ పడవెక్కాం. ఈసారి బల్ల పట్టుకోలేదు ఆవిడ. పడవ నడిపేవాడితో ఆటుపోట్ల గురించి వాదించుకుంటూ వచ్చారు.

మధ్యాహ్నం భోజనాల వేళ. పోలమ్మ వంజరం చేపల పులుసు పెట్టింది. మా ముగ్గురికీ కంచాలు పెట్టి, "ముందు సదువు, తరవాత తిందుగాని," అంది.

చదివాను. పోలమ్మ కళ్ళు మూసుకుని విన్నది. చెప్పుల దగ్గర తల ఊపింది. చివరి మాట దగ్గర పెదవి బిగించింది. ఆఖరి వాక్యం చదివాను. 'పావుగంట తర్వాత సహాయం వచ్చేసరికి, గరికిన సింహాచలం మరణించారు.'

"అది తప్పు," అంది పోలమ్మ.

"ఏది తప్పండీ? సమయమా?"

"మరణించారంట. ఆయనికి రోగమొచ్చి పోయినట్టుంది. ఆయన సచ్చిపోనేదు. సచ్చిపోనిచ్చినారు. అలా రాయి."

కలం తీశాను. బడిపిల్లల పుస్తకం, మాట కాస్త మెత్తగా ఎలా రాయాలా అని ఆలోచిస్తున్నాను. 'చనిపోనిచ్చారు' అని రాసి, పైకి చదివాను.

"అదీ సరిగా నేదు," అన్నారు కొండమ్మ గారు.

ఇద్దరం ఆవిడ వైపు చూశాం. ఆవిడ కంచం వైపు చూస్తూ అన్నారు.

"ఇచ్చారంటే ఎవులు? ఊరందరూనా? పిల్లలు అడుగుతారు. పేరు రాయి రత్నం. 'సూరాడ అప్పలకొండ ఆయన్ని చనిపోనిచ్చింది' అని రాయి. గారు అదీ పెట్టకు."

కాగితం మీద కలం ఆనించి కూర్చున్నాను. పోలమ్మ నన్ను చూసింది, కొండమ్మ గారిని చూసింది. తొందరపెట్టలేదు. చివరికి రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, మళ్ళీ దిద్దాను. పైకి చదవమంది పోలమ్మ. చదివాను.

"ఆఁ," అంది.

గరిటె తీసుకుని పులుసు అడుగుకంటా కలిపింది. పెద్ద చేప ముక్క ఒకటి వెతికి పట్టుకుని కొండమ్మ గారి కంచంలో వేసింది.

"తిను. సల్లారిపోతంది."